వాలు నేల మీద టాసు

కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటి కాలవ గట్టు వెంట కొంచెం దూరం వెళితే ఒక ఫంక్షన్ హాలు వస్తుంది. గుమ్మం ముందు రెండు తెల్ల ఏనుగు బొమ్మలు, లోపల ఎర్ర తివాచీ, గోడల నిండా అద్దాలు. అక్కడికి పెళ్ళి భోజనానికి వచ్చేవాళ్ళెవరికీ అది ఒకప్పుడు బాస్కెట్‌బాల్ హాలు అని తెలియదు. చెప్పినా నమ్మరు. మా ఆఫీసులో ఒకాయనకి చెబితే "బాస్కెట్‌బాలా? అదీ జగన్నాథపురంలోనా?" అని పక్క టేబుల్ వాళ్ళని పిలిచి మరీ నవ్వాడు. ఇంక జన్మలో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. నా కోపం పొంగిన పాలలాంటిది, ఎంతసేపో నిలవదు. అందుకే ఇలా రాస్తున్నాను.

అంతకుముందు అది గోనెసంచుల గోడౌను. పోర్టు వ్యాపారం చేసుకునే ఒక పెద్ద కుటుంబానిది. వాళ్ళ సరుకు కాలవ పడవల నుంచి లారీలకి మారిపోయాక ఖాళీగా పడి ఉండేది. మా కాలేజీలో పనిచేసి రిటైరైన డ్రిల్లు మాస్టారు ఆ ఇంటి పెద్దాయన చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఆయన విసుగెత్తి "తీసుకోవయ్యా బాబూ, నీ గోల పడలేకపోతున్నాను" అనేదాకా వదలలేదు. తొంభైల మొదట్లో మాట ఇది. కాలేజీ వెనక ఉన్న మట్టి కోర్టు వాన పడితే చెరువు, ఎండ కాస్తే దుమ్ము. పైకప్పు కింద ఆడించాలని మాస్టారి కోరిక.

పైకప్పు దొరికింది. ఇక నేల. మాస్టారు వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఎక్కడో చెక్క నేల మీద ఆడారట. అప్పటినుంచీ ఆయనకి చెక్క నేల తప్ప ఇంకేదీ నేలలా కనబడేది కాదు. కాకినాడలో చెక్క నేల వేసేవాళ్ళెవరు? తలుపులూ మంచాలూ చేసే వడ్రంగులు మా వల్ల కాదన్నారు. అంత పెద్ద చెక్క నేల వేసిన అనుభవం ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల పడవలు కట్టే వడ్రంగులే. తాళ్ళరేవు నుంచి ఒక పెద్ద మేస్త్రీ, ఆయన అన్నదమ్ములూ వచ్చి పని మొదలుపెట్టారు.

పని చక్కగా చేశారు. బల్లకీ బల్లకీ మధ్య సందుల్లో నూలు దట్టించి, పైన గుగ్గిలం, నూనె కలిపి కాచి పోశారు. ఆ వాసన హాలుకి చివరిదాకా పోలేదు. నా చున్నీలకి పట్టిన వాసన ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఇప్పుడు హార్బరు వైపు వెళ్ళినప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే ఒక్క క్షణం కాళ్ళు ఆగిపోతాయి.

తప్పు ప్రారంభోత్సవం నాడు బయటపడింది. పెద్దాయన కొబ్బరికాయ కొట్టి, బంతికి కుంకుమ బొట్టు పెట్టి, కోర్టు మధ్యలో నేల మీద పెట్టి, ఫొటోకి నవ్వుతూ నిలబడ్డారు. బంతి ఒక్క క్షణం ఆలోచించుకుని మెల్లగా దొర్లడం మొదలుపెట్టింది. దొర్లి దొర్లి గోడని తగిలి ఆగింది. ఎవరో తెచ్చి మళ్ళీ పెట్టారు. ఈసారి రెండో వైపు గోడకి పోయింది. పడవ పైబల్లలు మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా వేస్తారు కదా, నీళ్ళు నిలవకుండా. మేస్త్రీ చెయ్యి తిరిగిన మనిషి. ఆ చెయ్యి హాల్లోనూ అలాగే తిరిగింది. ఈ చివరి రింగు నుంచి ఆ చివరి రింగు దాకా మధ్యన సన్నటి వెన్ను. అక్కణ్ణుంచి ఒక పక్క సముద్రం వైపు గోడకీ, ఇంకో పక్క ఊరి వైపు గోడకీ వాలు. కంటికి కనబడదు. బంతికి తెలుస్తుంది.

"ఇదేంటయ్యా, ఇది హాలు కదా, పడవ అనుకున్నావా?" అన్నారు మాస్టారు.

"చెప్పలేదు కదండి తవరు," అన్నాడు మేస్త్రీ. "నేలంటే వాలుండాలనుకున్నామండి."

ఊడబీకి మళ్ళీ వేసే స్తోమత ఎవరికీ లేదు. మాస్టారు అభిమానం గల మనిషి, నలుగురిలో తప్పు ఒప్పుకోవడం ఆయనకి చేతకాదు. గొంతు సవరించుకుని, "ఇక్కడ టాసు ఇలాగే వేస్తాం," అని ప్రకటించారు. అదే ఆచారమైపోయింది. మా హాల్లో రూపాయి బిళ్ళ ఎగరెయ్యడం లేదు, రిఫరీ బంతిని పైకి విసరడమూ లేదు. ఒక కెప్టెన్ సముద్రం వైపు గోడ దగ్గర, ఇంకో కెప్టెన్ ఊరి వైపు గోడ దగ్గర నిలబడాలి. బంతిని వెన్ను మీద పెట్టి వదిలెయ్యాలి. ఎవరి కాళ్ళ దగ్గరికి వస్తే ఆట వాళ్ళది, మొదటి పాసు వాళ్ళివ్వాలి. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు, కొన్నాళ్ళకి ఆ వంకర నేల మాస్టారికి గర్వకారణం కూడా అయింది.

నేను ఆ హాల్లోకి రావడానికి కారణం నా పొడుగు. మాది ఆత్రేయపురం దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. ఇంటరు చదువుకని కాకినాడలో పెద్దమ్మ గారింట్లో ఉంచారు. అక్కడ నాకు తిండికీ బట్టకీ లోటు లేదు. అటక మీద సామాను దించాలన్నా, బూజు దులపాలన్నా నన్ను పిలిచేవారు. మిగతా సమయంలో నేనొకదాన్ని ఉన్నానన్న సంగతి మర్చిపోయేవారు. కాలేజీలో నా పేరు తాటిచెట్టు. వీధిలో కుర్రాళ్ళు "కల్లు దింపే టైమైందా?" అనేవారు. నేను మెడ వంచి, భుజాలు ముడుచుకుని, ఎంత వీలైతే అంత పొట్టిగా నడిచేదాన్ని. ఒకరోజు మాస్టారు కాలేజీ గేటు దగ్గర నన్ను చూసి, "అమ్మా, నువ్వు నిటారుగా నిలబడు ఒకసారి," అన్నారు. నిలబడ్డాను. "సాయంత్రం హాలుకి రా," అన్నారు. నా ఎత్తు చూసి ఒక మనిషి ముఖం వెలగడం అదే మొదటిసారి.

అక్కడే ఉప్పాడ పిల్ల పరిచయమైంది. వాళ్ళ నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు. వల అల్లడంలో ఆయన చెయ్యి మంచిదని తెలిసి, రింగులకి కట్టే వలలు ఆయనకి పురమాయించారు మాస్టారు. ఆయన అలవాటు కొద్దీ చేప తప్పించుకోకుండా కిందకి బిగించి అల్లాడు. వేసిన బంతల్లా అందులో ఇరుక్కుని కూర్చునేది. వలలు సరిచెయ్యడానికి వచ్చిన ఆయనతో కూతురు కూడా వచ్చింది. పక్క కాలేజీలో నాలాగే ఇంటరు. నా మోచేతి దాకా ఉంటుంది, నిప్పు రవ్వ. నన్ను చూసి, "ఇరుక్కున్న బంతి నిచ్చెనెయ్యకుండా తీత్తాది ఈ పిల్ల," అంది. పొడుగు గురించి ఎవరేమన్నా మాటకి మాట చెప్పలేక ముడుచుకుపోయేదాన్ని, ఆ రోజు మాత్రం పగలబడి నవ్వాను. మర్నాటి నుంచి తనూ ఆటకి వచ్చింది.

ఆడపిల్లల జట్టు కట్టడానికి అయిదుగురు దొరకడమే గగనం. ఒకమ్మాయికి పరీక్షలు, ఒకమ్మాయికి వాళ్ళ నాన్నగారి కోపం. రోజూ తప్పకుండా వచ్చేది మేమిద్దరమే. తను సముద్రం వైపు గోడ, నేను ఊరి వైపు గోడ. టాసు వేసుకోకుండా ఏ రోజూ మొదలుపెట్టలేదు. ఇద్దరికిద్దరమే ఆడుకునేటప్పుడు టాసెందుకే అంటే, "ఎందుకంటే? బంతి ఎవరి కాడికొత్తాదో సూడాలి కదా," అనేది. ఆ బంతి దొర్లి వచ్చే కాస్త సమయమే నా రోజు మొత్తంలో నాకిష్టమైనది. అటు తను, ఇటు నేను, మధ్యన బంతి. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. నన్నెవరో ఎదురుగా నిలబడి పట్టించుకుంటున్నారన్నది అప్పుడు నాకు గట్టిగా తెలిసేది.

ఆ నేల మీద మమ్మల్ని గెలవడం ఎవరి తరమూ కాలేదు. ఎక్కడ బంతి కొడితే ఎటు జారుతుందో మా అరికాళ్ళకి తెలుసు. తను వెన్ను మీద నుంచి వాలులోకి కొట్టిన పాసు, అవతలి పిల్లల చేతుల కింద నుంచి మెలిక తిరిగి సరిగ్గా నా దగ్గరికి వచ్చేది. బయట ఊళ్ళలో మాత్రం మా పని ఖాళీ. రాజమండ్రిలో సిమెంటు కోర్టు మీద ఆడితే మా పాసులన్నీ ఎవరూ లేని చోటికి పోయాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తిరుగు బస్సులో తను "ఆ నేలకి పేణం లేదే, సచ్చిన నేల," అని తిట్టింది. నేను మా ఊరి నుంచి వచ్చిన పూతరేకుల పెట్టె విప్పాను. బస్సు కుదుపులకి అన్నీ పొడి అయిపోయాయి. ఆ పొడే ఇద్దరం అరచేతుల్లో పోసుకుని కాకినాడ దాకా నాకుతూ వచ్చాం. అంత దారుణంగా ఓడిపోయి అంత సంతోషంగా ఇంటికి వచ్చినవాళ్ళు ఉండరు.

డిగ్రీ అయ్యేదాకా ఇలాగే సాగింది. తొంభై ఆరు తుఫాను హాలు రేకులు ఒక పక్క ఎత్తుకుపోయింది. మాస్టారూ మేమిద్దరమూ చీపుళ్ళు పట్టుకుని నీళ్ళు తోశాం. ఉప్పాడలో మాత్రం వాళ్ళకి తోసుకోవడానికి ఇల్లు మిగలలేదు. అంతకుముందే సముద్రం వీధి వీధీ తినుకుంటూ వస్తోంది. వాళ్ళ ఇల్లు రెండుసార్లు వెనక్కి జరిపి కట్టుకున్నారు. మూడోసారి జరుపుకోవడానికి వెనక చోటు లేదు. వాళ్ళ మేనమామ ఒడిశాలో పారాదీప్ రేవులో ఉంటున్నాడు. అక్కడికి వెళ్ళి పని చూసుకుంటామన్నాడు వాళ్ళ నాన్న.

వెళ్ళేముందు హాలుకి వచ్చింది. ఆ రోజు ఆడలేదు. తడిసిన బల్లల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. నాకు ఏడుపు ఆగడం లేదు. తనకి అలాంటివి చిరాకు.

"సాల్లేవే, సచ్చిపోతున్నానా ఏంటి? సామాన్లు దించేసి ఎనక్కొచ్చేత్తాను. నేనొచ్చేదాకా నువ్వు టాసు మాత్రం ఎయ్యకు. ఒక్కద్దానివే ఏత్తే మొత్తం నీదే అయిపోద్ది ఆట," అంది.

"వెయ్యను," అన్నాను.

వెయ్యలేదు. ఆ తర్వాత నాకు పోర్టు దగ్గర ఒక ఎరువుల కంపెనీలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పెద్దమ్మ గారింటి నుంచి ఒక గది అద్దెకి తీసుకుని మారాను. సాయంత్రం ఆఫీసు అవగానే హాలుకి వెళ్ళేదాన్ని. మగపిల్లలందరూ అప్పటికి క్రికెట్టుకి పోయారు. మాస్టారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటూ ఉండేవారు. నేను రింగుకి బంతి వేసుకునేదాన్ని. ఒంటరిగా ఆడితే బాస్కెట్‌బాల్లో ఆడేది తక్కువ, బంతి వెనక పరుగెత్తేది ఎక్కువ. మామూలు నేలైతే ఎక్కడో అక్కడ ఆగుతుంది. మా నేల మీద ప్రతి బంతీ గోడ దాకా పోవాల్సిందే. సముద్రం వైపు గోడకి పోయినప్పుడల్లా నేనే వెళ్ళి తెచ్చుకునేదాన్ని. అక్కడ గోడ సున్నం మీద తన భుజం ఆనించిన చోట చెమట మరక ఉండేది. దాన్ని చూసి కోపం వచ్చేది. వస్తానన్నది, ఒక్క కార్డు ముక్కైనా రాయొచ్చు కదా!

ఒక ఆదివారం ఉండబట్టలేక ఉప్పాడ బస్సెక్కాను. వాళ్ళ వీధి ఏదని అడిగితే, వల బాగుచేసుకుంటున్న ఒకామె చేత్తో నీళ్ళ వైపు చూపించింది. "అదుగోనమ్మా, ఆ అల ఇరుగుతుంది సూడు, అక్కడ." పారాదీప్‌లో ఎక్కడున్నారో ఆమెకి తెలియదు. మేనమామ పడవ మునిగిందనీ, వీళ్ళు అక్కణ్ణుంచి ఇంకెటో వెళ్ళారనీ విన్నానంది. ఏ జాబు రాసినా ఎక్కడికని రాయాలి? తనైనా నాకు ఎక్కడికని రాస్తుంది, నేను పెద్దమ్మ గారిల్లు ఖాళీ చేశాను కదా. వచ్చిన జాబులు అక్కడ ఎవరైనా దాచి ఉంటారనే ఆశ నాకు లేదు. ఆ ఇంట్లో నాకు కబురొస్తే చెప్పేవాళ్ళే ఉండేవారు కాదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరేమనుకుంటే నాకేమని ఏడ్చాను.

మాస్టారు పోయారు. ఆ పెద్దాయన కూడా పోయాక వాళ్ళ పిల్లలు హాలుకి కొత్త తాళం వేసుకున్నారు. వాళ్ళది వాళ్ళు తీసుకున్నారు, అనడానికి నేనెవరిని? గ్యాసు కంపెనీలొచ్చి ఊళ్ళో జనం పెరిగారు, పెళ్ళిళ్ళూ పెద్దవయ్యాయి. రింగులు పీకేశారు, కొత్త రేకులూ, కింద తెల్లటి సీలింగూ వేశారు, ఏనుగు బొమ్మలు పెట్టారు. నేను ఆ దారిన వెళ్ళడం మానేశాను. పెళ్ళి చేసుకోలేదేమని అడిగేవాళ్ళుంటారు కాబట్టి చెబుతున్నాను, దానికీ దీనికీ సంబంధం లేదు. నాకంటే పొడుగువాడు దొరకలేదు, పొట్టివాడు ఒప్పుకోలేదు, అంతే. సాయంత్రాలు మాత్రం ఏం చెయ్యాలో తోచేది కాదు. అన్నం ఒక్కరికే వండుకోవడం అలవాటైనా, ఒక్కదాన్నే తినడం అలవాటు కాలేదు.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక, మా ఆఫీసులో ఒకావిడ కూతురి ఓణీల ఫంక్షన్ ఆ హాల్లోనే పెట్టుకున్నారు. రానని చెప్పడానికి కారణం దొరకలేదు. పదిన్నరకని కార్డులో వేస్తే నేను పదింటికే వెళ్ళి కూర్చునే రకం. ఇంకా ఎవరూ రాలేదు. తివాచీ పరవకుండా చుట్టగా ఒక మూల నిలబెట్టి ఉంది. కింద అవే బల్లలు. పాలిష్ పట్టించారు, అంతే.

చెప్పులు విడిచి అడుగుపెట్టాను. అరికాళ్ళు వాలుని గుర్తుపట్టాయి.

హాలు మేనేజరు నడివయసు మనిషి, పళ్ళెంలో బత్తాయిలు పేరుస్తూ నన్ను చూశాడు. "ఆ నేల ఎత్తుపల్లంగా ఉంటుందండి, చూసుకుని నడవండి," అన్నాడు. "టేబుళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టలేక చస్తున్నామండి. సాంబారంతా ఒక పక్కకే పోద్దండి. ఆషాఢంలో ముహూర్తాలుండవు కదండి, అప్పుడు లెవెల్ చేసి టైల్స్ ఏయించేస్తున్నారు."

"మంచిదండీ," అన్నాను. ఇంకేమనాలి?

"మొన్నామధ్య ఒకావిడ కూడా మీలాగే చెప్పులిప్పేసి తిరిగారండి," అన్నాడు. "ఏదో పెళ్ళికి ఒడిశా నుంచొచ్చారంట. ఓ పిల్లాడి చేతిలో రబ్బరు బంతి తీసుకుని ఇదిగో ఈ మధ్యలో పెట్టి, గబగబా పోయి అటేపు గోడకి ఆనుకుని నిలబడ్డారండి. బంతేమో ఇటేపొచ్చింది. ఇక్కడెవరున్నారండి తియ్యడానికి? నేనే తీసిచ్చాను."

ఆయన చూపించింది సముద్రం వైపు గోడ. "ఎలా ఉంటారండీ ఆవిడ?" అన్నాను.

"పొట్టిగా ఉంటారండి. ఇక్కడికి పొడుగ్గా ఒకావిడ వస్తూంటారా అని అడిగారు. పొడుగువాళ్ళు చాలామందొస్తారండీ అన్నాను. ఆళ్ళు కాదండి, ఆళ్ళందరికంటే పొడుగు అని చెయ్యి పైకెత్తి..." అంటూ తన చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి సరిగ్గా నా తల మీదకి వచ్చింది. మేనేజరు నన్ను కింద నుంచి పైదాకా చూసి ఆగిపోయాడు.

"ఎవరి పెళ్ళండీ అది? నంబరేమైనా ఇచ్చారా?"

"అడగలేదండి," అన్నాడు, తప్పు తనదే అయినట్టు చిన్నగొంతుతో. "ఆ నెలంతా పెళ్ళిళ్ళేనండి. ఎవరిదో ఇప్పుడెలా చెప్పను? బస్సు టైమైందని ఎళ్ళిపోయారు."

వచ్చింది. వస్తానన్నట్టే వచ్చింది. ఇన్నేళ్ళూ నేను తిట్టుకున్న మనిషి ఇక్కడిదాకా వచ్చి, నా కోసం అడిగి, ఆ గోడ దగ్గర నిలబడింది. ఆ రోజు నేను ఇక్కడికి కూతవేటు దూరంలో ఆఫీసులో కూర్చుని ఏవో బిల్లులు రాసుకుంటూ ఉంటాను. నేనొచ్చేదాకా టాసు వెయ్యకు అన్నది తనే, చివరికి ఉండబట్టలేక ఒక్కతే వేసుకుందీ తనే. సంతోషమో దుఃఖమో విడదీసి చెప్పలేను, రెండూ ఒక్కసారే వచ్చాయి.

పళ్ళెంలోంచి ఒక గుండ్రటి బత్తాయి తీసుకున్నాను. మాటిచ్చి ఇన్నేళ్ళూ వెయ్యని టాసు, వెన్ను మీద బత్తాయి పెట్టి వేశాను. ఊరి వైపు గోడకి వెళ్ళి ఆనుకుని, నిటారుగా నిలబడ్డాను.

బత్తాయి కాసేపు ఎటూ కదలలేదు. తర్వాత దొర్లడం మొదలై, తిన్నగా నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. ఆట నాది. పాసు నేనివ్వాలి. చేతిలోకి తీసుకుని తలెత్తి చూశాను. సముద్రం వైపు గోడ పొడుగునా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చి ఉన్నాయి.

"ఇలా ఇచ్చెయ్యండి, పళ్ళెంలో పెట్టేస్తాను," అంటూ మేనేజరు మెల్లగా చెయ్యి చాపాడు.

ఇవ్వలేదు. అది తనకివ్వాల్సిన పాసు.